తల్లికి వ్యాధి - బిడ్డకు టీకా

1921వ సంవత్సరం జూలై నెలలో పారిస్ నగరంలోని ఒక ఆస్పత్రిలో ఒక స్త్రీ ప్రసవించి, వెనువెంటనే క్షయవ్యాధితో కన్నుమూసింది. బిడ్డ మాత్రం దక్కింది. తల్లిలేని ఆ పసికందును పెంచవలసినది అవ్వ. ఆ అవ్వకూ క్షయే! బిడ్డను ఏ చేతులలో పెట్టాలో ఆ చేతులనుంచే బిడ్డకు ప్రమాదం. అప్పుడు వేల్-హాలే, ట్యుర్పాన్ అనే యిద్దరు డాక్టర్లు ఒక సాహసం చేశారు. అంతవరకూ ఏ మనిషికీ యివ్వని మందును ఒకదాన్ని ఆ శిశువుకు నోట పట్టించారు. బిడ్డకు క్షయ రాలేదు. ఆ మందే బి.సి.జి.

మన యిళ్ళలో పిల్లల యెడమ భుజంమీద చిన్న మచ్చగా మిగిలిపోయేది అదే. కాల్మెట్, గెరాన్ అనే యిద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు పశువులకు క్షయ తెచ్చే క్రిమిని పట్టుకొని, ఎద్దు పైత్యరసం కలిపిన బంగాళాదుంప ముక్కలమీద పెంచారు. సుమారు మూడు వారాలకొకసారి ఆ పంటలోనుంచి కొంత తీసి కొత్త ముక్కలమీద నాటేవారు. 1908లో మొదలుపెట్టి 13 ఏళ్ళపాటు, 230 సార్లు, ఇట్లా నాట్లు వేస్తూ పోయారు. చివరకు ఆ క్రిమి కోరలు పీకిన పాము అయింది. చావలేదు, బతికే ఉన్నది; కాని కాటు వెయ్యలేదు.

"బతికే ఉన్నది" అన్న మాటను చదువరులు కాస్త గుర్తు పెట్టుకోవాలి. దానితో ముందు ముందు పని ఉన్నది.

బి.సి.జి. అంటే భయపడడం కొత్త సంగతి కాదు. 1930లో జర్మనీలోని లూబెక్ పట్టణంలో ఈ మందు తాగించిన శిశువులలో 70 మందికి పైగా చనిపోయారు. తరువాత విచారణ జరిగింది. తప్పు టీకాది కాదు, అక్కడి ప్రయోగశాలలో అసలైన క్షయ క్రిమి వచ్చి మందులో కలిసిపోయిందని తేలింది. మన దేశంలో 1948లో తొలి ప్రయత్నాలు జరిగిన చోట్లలో మన మదనపల్లె ఒకటి. అక్కడి ఆరోగ్యవరం శానటోరియం సంగతి రాయలసీమవారికి వేరే చెప్పనక్కరలేదు. 1955లో రాజాజీ అంతటివారే ఈ టీకాను వ్యతిరేకిస్తూ ఒక చిన్న పుస్తకం అచ్చువేశారు. అయినా టీకా నిలిచింది. పెద్దవాళ్ళకు వచ్చే ఊపిరితిత్తుల క్షయను ఇది గట్టిగా ఆపలేదని తరువాతి పరిశోధనలలో తేలినా, పసిపిల్లలకు మెదడు పొరలలో వచ్చే క్షయనుంచీ, ఒళ్ళంతా పాకే క్షయనుంచీ కాపాడుతుందని రుజువైంది. పసివాళ్ళను ముఖ్యంగా చంపే క్షయ ఆ రెండూ.

ఆ తరువాత హెచ్.ఐ.వి. వచ్చింది. మన దేశంలో మొదటిసారి దాన్ని గుర్తించినది 1986లో, మద్రాసులో. దానితోపాటు ఎవరూ ఊహించని చిక్కు ఒకటి వచ్చింది.

క్షయ క్రిమి ఒంట్లో ప్రవేశిస్తే రక్తంలోని తెల్లకణాలు దాని చుట్టూ కోటగోడలాగా కట్టి బంధిస్తవి. బి.సి.జి.లోని కోరలు పీకిన క్రిమినీ అట్లాగే బంధిస్తవి. ఆ బంధించే పనిలోనే ఒళ్ళు యుద్ధవిద్య నేర్చుకుంటుంది. టీకా ప్రయోజనం అదే. ఈ కణాలకు ఆజ్ఞలిచ్చి నడిపించే కణాల తెగ ఒకటి ఉన్నది. హెచ్.ఐ.వి. వెతికి వెతికి చంపేది సరిగ్గా ఆ తెగనే. మరి ఆ తెగ నశించిన బిడ్డ ఒంట్లోకి, బలహీనమైనదే అయినా, బతికి ఉన్న క్రిమిని పంపవచ్చునా? కోరలు లేని పాముకు కూడా కాపలా కావాలి గదా!

తల్లికి హెచ్.ఐ.వి. ఉన్నంతమాత్రాన బిడ్డకు రావాలని లేదు. ఈ సంగతి మనలో చదువుకున్నవారికి కూడా సరిగా తెలియదు. ఏ మందూ వాడకపోతే గర్భంలోనో, ప్రసవంలోనో, పాలద్వారానో బిడ్డకు సోకే అవకాశం 100కి 15 మొదలు 45 వరకు. తల్లి గర్భవతిగా ఉండగానే మందులు మొదలుపెట్టి, పుట్టిన బిడ్డకు కొన్నివారాలు నెవిరపిన్ వంటి మందు పట్టిస్తే అది 100కి 5కు లోపడుతుంది. అంటే 95 మందికి పైగా బిడ్డలు వ్యాధి లేనివాళ్ళే. ప్రపంచం మొత్తంమీద ఇట్లా తల్లికి ఉండి తమకు సోకని పిల్లలు సుమారు 1 కోటి 60 లక్షలమంది ఉన్నారని ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం అంచనా. ఇంతమంది ఉన్నా వాళ్ళకు మన భాషలో ఒక పేరు లేదు. ఎప్పుడు చెప్పుకున్నా తల్లి వ్యాధి పేరుతోనే చెప్పుకుంటున్నాము. నాకిది బాగా అనిపించదు.

నేను డాక్టరును కాను. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. మా సంప్రదాయంలో టీకా అంటే పద్యానికి వ్రాసే వివరణ. హిందీవారికి అదే మాటకు బొట్టు అని కూడా అర్థం. సూదిమందుకు ఆ పేరెట్లా వచ్చినా, మూలం తెలియకుండా టీకా చదివితే లాభం లేదన్నది మా విద్యార్థులకు నేను చెప్పే మాట. ఇక్కడ మూలమంటే బిడ్డ ఒళ్ళు. ముందు దాని సంగతి చూద్దాము.

బిడ్డ పుట్టేటప్పటికి దాని ఒంట్లో సొంత ఆయుధాలు దాదాపు లేవు. ఉన్నదంతా తల్లి సొమ్మే. తల్లి జీవితంలో పడిన జబ్బులకూ, వేయించుకున్న టీకాలకూ తయారైన ప్రతిరక్షకాలు, అంటే క్రిములను పట్టి కట్టివేసే రక్తంలోని పదార్థాలు, మావిద్వారా బిడ్డకు చేరతవి. ఎక్కువ భాగం చేరేది చివరి మూడు నెలలలోనే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు జబ్బులు త్వరగా రావడానికి ఇదొక కారణం.

ఈ చేరవేతను గోదావరి రేవులో పడవ అనుకోండి. పడవలో ఇన్ని చోట్లనే లెక్క ఉన్నది. అవతల ఒడ్డుకు అవసరమైనవాళ్ళు వెళ్ళాలి: ధనుర్వాతాన్ని ఎదిరించేవాళ్ళు, కోరింతదగ్గును ఎదిరించేవాళ్ళు, న్యుమోనియాను ఎదిరించేవాళ్ళు. తల్లికి హెచ్.ఐ.వి. ఉంటే ఆమె రక్తంలో ప్రతిరక్షకాల గుంపు మామూలుకంటె ఎక్కువగా పెరిగిపోతుంది. అందులో చాలా భాగం పనికిరాని జనం. రేవులో తొక్కిసలాట! పడవ నిండుతుంది గాని ఎక్కవలసినవాళ్ళు ఒడ్డునే నిలబడిపోతారు. పైగా అసలు ఎక్కవలసినవాళ్ళే ఆ తల్లి ఒంట్లో తక్కువగా ఉంటారు. అందువల్ల తనకు వ్యాధి సోకకపోయినా ఆ బిడ్డ తక్కువ ఆస్తితో పుడుతుంది.

ఇది ఊహ కాదు. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ పక్కన ఖయెలిత్షా అనే పేదల బస్తీ ఉన్నది. లక్షలాది జనం రేకుల గుడిసెలలో కిక్కిరిసి ఉండే చోటు. ఆ దేశంలో ప్రభుత్వ ఆస్పత్రులకు వచ్చే గర్భిణులలో 2019లో 100కి 30 మందికి హెచ్.ఐ.వి. ఉన్నదని లెక్క తేలింది. కనుక ఈ ప్రశ్నకు జవాబు వెతకవలసిన చోటు అదే. క్రిస్టీన్ జోన్స్, బీటె కాంప్‌మన్ మొదలైన పరిశోధకులు ఆ బస్తీలో సుమారు వందమంది తల్లులనూ, వారి బిడ్డలనూ పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించారు. హెచ్.ఐ.వి. ఉన్న తల్లులకు పుట్టి, తమకు సోకని బిడ్డలలో పుట్టినరోజున కోరింతదగ్గుకూ, ధనుర్వాతానికీ, న్యుమోనియా తెచ్చే క్రిములకూ ప్రతిరక్షకాలు తక్కువగా ఉన్నవి. అంతవరకూ అనుకున్నదే.

అనుకోనిది తరువాత జరిగింది. ఆ పిల్లలకే మామూలు టీకాలు వేసి 16వ వారంలో మళ్ళీ రక్తం చూశారు. టీకాకు వాళ్ళ ఒళ్ళు చక్కగా బదులు చెప్పింది. కోరింతదగ్గు టీకాకూ, న్యుమోనియా టీకాకూ వీళ్ళలో పుట్టిన స్పందన, ఆరోగ్యవంతులైన తల్లుల బిడ్డలలోకంటె ఎక్కువగా ఉన్నది! మిగిలినవాటిలోనూ వెనుకబడలేదు.

ఎందుకట్లా అని శాస్త్రజ్ఞులు చెప్పే కారణం ఒకటి మన యిళ్ళలో అందరికీ అర్థమయ్యేదే. అమ్మమ్మ పక్కన కూచుని ముద్దలు కలిపి నోట్లో పెడుతున్నంతకాలం పిల్లవాడు తన చేత్తో తినడం నేర్చుకోడు. తల్లి యిచ్చిన ప్రతిరక్షకాలు దండిగా ఉన్న బిడ్డ ఒంట్లోకి టీకా వెళ్ళగానే, తల్లి సొమ్ము దాన్ని ముందే అటకాయిస్తుంది. బిడ్డ ఒంటికి పని తక్కువ. తల్లి సొమ్ము తక్కువగా ఉన్న బిడ్డ తన పని తానే చేసుకుంటుంది.

ఇక్కడ అసలు విషయం ఒకటి తేలింది. టీకాకు ముందు ఈ బిడ్డ ఇతరులకంటె నిస్సహాయురాలు. టీకా తరువాత ఇతరులతో సమానం, ఒక్కొక్కచోట మిన్న. అంటే మధ్యలో ఉన్న ఆ కొద్ది వారాలే గండం. ఈ పిల్లలు మొదటి నెలలలో న్యుమోనియాతో ఆస్పత్రిపాలు కావడం ఇతర పిల్లలకంటె ఎక్కువని అనేక దేశాల లెక్కలు చెబుతున్నవి. మరి మన యిళ్ళలో జరిగేదేమిటి? తల్లి రోగిష్టి, బిడ్డ బలహీనం, "కాస్త పుంజుకోనివ్వండి, అప్పుడు వేయిద్దాము" అంటారు. ఒక పెద్దావిడ అన్న మాట నేను చెవులారా విన్నాను: "తల్లికే లేని బలం పిల్లకెక్కడిది? ఆ సూదులు తట్టుకుంటుందా?" ఆవిడ ప్రేమను శంకించనక్కరలేదు. కాని ఆ ప్రేమ లెక్క తలకిందులైంది. ఆరు వారాలకు వేయవలసిన సూది మూడు నెలలకు వేయిస్తే, గండపు రోజులను మన చేతులతో మనమే పొడిగించినట్లు.

ఇక సూదులలో రకాలు. కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతం, కామెర్లలో బి రకం, హిబ్ అనే క్రిమి - ఈ అయిదింటికీ కలిపి 6, 10, 14 వారాలకు వేసే పెంటావాలెంట్ సూదిలో ప్రాణమున్న క్రిమి ఏదీ లేదు. న్యుమోనియా టీకాలో లేదు. సూదిగా వేసే పోలియో టీకాలో లేదు. కనుక బిడ్డకు హెచ్.ఐ.వి. సోకిందా లేదా అన్న ప్రశ్నతో నిమిత్తం లేకుండా ఇవన్నీ వేయించవచ్చు; వేయించాలి. వీటిలోని క్రిమి పెరగదు, వ్యాపించదు. వ్యాధి సోకిన బిడ్డలో టీకా ఫలితం కొంత తగ్గవచ్చునే తప్ప టీకా వల్ల ఆ జబ్బు రావడమన్న మాట లేదు.

ఫలితం ఎంత తగ్గుతుంది? జొహానెస్‌బర్గ్ శివారు సొవెటోలో 39,836 మంది పిల్లలతో న్యుమోనియా టీకాను పరీక్షించారు. 2003లో ఫలితాలు వచ్చినవి. ఆ టీకా లక్ష్యంగా పెట్టుకున్న క్రిములు రక్తంలోకి పాకి తెచ్చే తీవ్రమైన జబ్బు, హెచ్.ఐ.వి. లేని పిల్లలలో 100కి 83 వంతులు తగ్గింది. ఉన్న పిల్లలలో 65 వంతులు తగ్గింది. 65 చిన్న అంకె కాదు సుమా! వ్యాధి ఉన్న పిల్లలకు ఆ జబ్బు వచ్చేదే ఎన్నో రెట్లు ఎక్కువ కనుక, తగ్గిన జబ్బులు లెక్కవేస్తే వాళ్ళకే ఎక్కువ మేలు జరిగినట్లు. మన దేశంలో ఈ టీకా 2017లో కొన్ని రాష్ట్రాలలో ఉచితంగా యివ్వడం మొదలై, 2021లో దేశమంతటికీ వచ్చింది.

ప్రాణమున్న టీకాలు మరికొన్ని ఉన్నవి. పోలియో చుక్కలు, విరేచనాలు రాకుండా వేసే రోటావైరస్ చుక్కలు, తట్టు టీకా. రోటావైరస్ టీకాను దక్షిణాఫ్రికాలో హెచ్.ఐ.వి. సోకిన శిశువులకే యిచ్చి చూశారు, చెడు జరగలేదు. మన దేశంలో 2016లో దాన్ని మొట్టమొదట అందుకున్న నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. తట్టు విషయం కొంచెం వేరు. మనవాళ్ళు అమ్మవారని మొక్కినా, అది పసిపిల్లలపాలిటి కసాయి. తల్లినుంచి వచ్చిన రక్షణ ఈ పిల్లలలో త్వరగా కరిగిపోతుంది కనుక, 9వ నెల దాకా ఆగితే మధ్యలో తట్టు పట్టుకోవచ్చు. అందుకని ఇటువంటి పిల్లలకు 6వ నెలలోనే ఒక అదనపు మోతాదు వేయడం మంచిదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2017లో సూచించింది. అది అదనం మాత్రమే; 9వ నెలదీ, ఏడాదిన్నరదీ మామూలుగా పడవలసిందే. వ్యాధి సోకి బాగా నీరసించిన బిడ్డకు మాత్రం తట్టు టీకా ఎప్పుడు వేయాలో డాక్టరే నిర్ణయించాలి.

ఇక మళ్ళీ బి.సి.జి. దగ్గరకు వద్దాము. చిక్కంతా అక్కడే.

దక్షిణాఫ్రికాలోని పశ్చిమ కేప్ రాష్ట్రంలో హెస్లింగ్ అనే పరిశోధకురాలూ, ఆమె సహచరులూ ఆస్పత్రులలో కేసులను ఎప్పటికప్పుడు నమోదు చేస్తూ, 2004 నుంచి 2006 వరకు జరిగినదాన్ని లెక్కకట్టారు. హెచ్.ఐ.వి. సోకిన శిశువులు లక్షమందికి బి.సి.జి. వేస్తే, టీకాలోని క్రిమే ఒళ్ళంతా పాకి జబ్బుగా మారినవారు సుమారు 990 మంది. ఉజ్జాయింపుగా నూటికొకరు. మామూలు పిల్లలలో ఈ ప్రమాదం పదిలక్షలకు అయిదుగురికి లోపు. జబ్బుగా మారిన పిల్లలలో ఎక్కువమంది బతకలేదు. ఈ దారుణం చూసి ప్రపంచ ఆరోగ్యసంస్థ 2007లో, హెచ్.ఐ.వి. సోకిందని తెలిసిన బిడ్డకు బి.సి.జి. వేయవద్దన్నది.

"తెలిసిన" బిడ్డ! పుట్టినరోజున తెలిసేదెట్లా? మామూలు రక్తపరీక్ష వెతికేది ప్రతిరక్షకాలను. తల్లి ప్రతిరక్షకాలు బిడ్డ రక్తంలో 18 నెలలదాకా ఉండవచ్చు. కనుక ఆ పరీక్ష చేస్తే సోకిన బిడ్డకూ, సోకని బిడ్డకూ ఒకే జవాబు వస్తుంది. వైరస్‌నే నేరుగా వెతికే పి.సి.ఆర్. పరీక్షను మన దేశంలో ఆరు వారాలకు చేస్తారు. మడమమీద చిన్న పోటు పొడిచి, నాలుగు చుక్కల రక్తం ఒక కాగితంమీద ఆరబెట్టి, పెద్ద ప్రయోగశాలకు పంపుతారు. కాని బి.సి.జి. వేసేది పుట్టిన రోజున. పక్కపక్క మంచాలమీద ఇద్దరు బాలింతలు, ఇద్దరు పసికందులు. ఒకరికి ఆ టీకా ప్రాణదాత, మరొకరికి ప్రాణగండం కావచ్చు. ఎవరు ఎవరో చెప్పగల నర్సు లేదు.

అయితే ఇద్దరికీ ఆపుదామా? ఆపడం సులభమే. కాని ఈ తల్లులుండే యిళ్ళు ఎటువంటివి? హెచ్.ఐ.వి. ఉన్నచోట క్షయ తోడబుట్టినట్లు ఉంటుంది. ఖయెలిత్షాలోనూ అంతే, మన దేశంలోనూ అంతే. బిడ్డను ఎత్తుకునే తండ్రికో, మేనమామకో, పక్క గుడిసెలోని ముసలాయనకో దగ్గు ఉంటుంది. వందమందిలో అయిదుగురి కోసం ఆపితే తొంభైఅయిదుగురు ఆ దగ్గుముందు కవచం లేకుండా నిలబడతారు. అయిదుగురిని మరిచి అందరికీ వేద్దామంటే మనసు ఒప్పదు. ఇది నిజమైన ధర్మసంకటం.

మధ్యేమార్గంగా, పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆపి వేస్తే ఎట్లా ఉంటుందని కేప్‌టౌన్‌లోనే పరీక్షించారు. పుట్టగానే వేసినవారినీ, 8 వారాలకు వేసినవారినీ పోల్చారు. 8 వారాలకు వేసినా ఒళ్ళు బాగానే స్పందించింది. శాస్త్రరీత్యా దారి దొరికినట్లే. లోకరీత్యా దొరకలేదు. ప్రసవమైన ఆస్పత్రిలోనే అయితే టీకా ఖాయం. ఇంటికి వెళ్ళిన తల్లి మళ్ళీ రావాలి, వచ్చిననాడు నర్సు ఉండాలి, పరీక్ష ఫలితం వచ్చి ఉండాలి, మందు ఉండాలి. నాలుగు గుమ్మాలు దాటి అందరూ లోపలికి రాగలరని కాగితంమీదే అనుకోవాలి.

గండం గడిపినది మరొకవైపునుంచి వచ్చిన పరిష్కారం. సొవెటో, కేప్‌టౌన్ నగరాలలో వ్యాధి సోకిన శిశువులకు లక్షణాలు కనిపించేదాకా ఆగకుండా వెంటనే మందులు మొదలుపెట్టి చూశారు. 2008లో ప్రకటించిన ఫలితం ప్రకారం మరణాలు 100కి 76 వంతులు తగ్గినవి. అట్లా త్వరగా మందు అందుకున్న పిల్లలలో బి.సి.జి. వల్ల చంకలో బిళ్ళలు కట్టి చీము పట్టడం కూడా తగ్గింది. టీకా మారలేదు, కాపలా కణాలు నశించకముందే వాటిని నిలబెట్టారు. మరొకవంక గర్భిణులకు మందులు అందుతూ ఉండడంతో సోకి పుట్టే బిడ్డల సంఖ్యే తగ్గుతూ వచ్చింది. దీనితో 2018లో ప్రపంచ ఆరోగ్యసంస్థ తన సలహాను సవరించింది. తల్లికి హెచ్.ఐ.వి. ఉన్నా, బిడ్డ సంగతి తేలకపోయినా, బిడ్డలో జబ్బు లక్షణాలు లేకపోతే పుట్టగానే బి.సి.జి. వేయండి. పుట్టగానే చేసిన పరీక్షలో సోకినట్లు రూఢి అయితే మాత్రం ఆపి, మందు మొదలుపెట్టి, బిడ్డ కుదుటపడ్డాక వేయండి. నాకు తోచినంతలో ఇది న్యాయమైన తీర్పు. ఆ అయిదుగురికీ దీనిలో చోటున్నది - ఆరువారాల పరీక్ష తప్పకపోతే.

టీకాలు తప్పిపోవడానికి ఇంకొక కారణం ఉన్నది; దానికి వైద్యశాస్త్రంలో మందు లేదు. అత్తవారింట్లో తెలియదు, పుట్టింట్లో తెలియదు, భార్యాభర్తల మధ్యనే గుట్టుగా ఉన్నది. ఊళ్ళో నర్సమ్మ దగ్గరకు వెళితే బయటపడుతుందేమోనని ఆ తల్లి ఒకసారి దూరపు ఊరికి పోతుంది, ఒకసారి పోదు. ఆమెను ఏమని తప్పుపడతాము? వీధిలో మనం మాట్లాడుకునే తీరు ఆమె విన్నదే గదా! కాని ఒక్క సంగతి ఆమెకు తెలిస్తే బాగుండును. బిడ్డకు టీకా వేయించడానికి తల్లి తన వ్యాధి సంగతి అందరికీ చెప్పుకోవాలన్న నిబంధన లేదు. 2017లో పార్లమెంటు చేసిన హెచ్.ఐ.వి. చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం తెలిసిన డాక్టరుగాని, నర్సుగాని సాధారణంగా ఆమె అనుమతి లేకుండా మరొకరికి చెప్పకూడదు. బిడ్డను చూసే డాక్టరు ఒక్కరికి చెప్పుకుంటే చాలు.

సూది అంటేనే భయపడేవారూ ఉన్నారు. ఆ భయం పూర్తిగా ఉత్తది కాదు. 1988లో సోవియట్ యూనియన్‌లోని ఎలిస్తా పట్టణంలో ఒకే సిరంజిని అనేకమందికి వాడి పసిపిల్లలకు హెచ్.ఐ.వి. అంటించిన ఘోరం లోకమంతా విన్నది. అందుకే ఈనాడు ప్రభుత్వ టీకా కేంద్రాలలో ఒకసారి వాడగానే బిగుసుకుపోయే సిరంజి వాడుతున్నారు. దాన్ని రెండోసారి నింపాలన్నా కుదరదు. మీ ఎదుట పొట్లం విప్పమని అడగడం మీ హక్కు. నర్సమ్మలు ఏమీ అనుకోరు.

ఇంట్లో చూసుకోవలసినవి కొన్ని. బి.సి.జి. వేసిన కొన్ని వారాలకు భుజంమీద చిన్న పొక్కు లేచి, పగిలి, రసి కారి, దానంతట అదే మానిపోయి మచ్చ పడుతుంది. పసుపు, పసరు, ఆయింట్‌మెంటు ఏవీ పెట్టవద్దు. చంకలో చిన్న బిళ్ళ కనిపించినా చాలామందికి అదే పోతుంది. అది పెరుగుతున్నా, మెత్తబడి చీము పడుతున్నా, బిడ్డ బరువు పెరగకపోయినా, నోట్లో తెల్లటి పూత మాటిమాటికీ వస్తున్నా, జ్వరం విడవకపోయినా తల్లికి హెచ్.ఐ.వి. ఉన్న బిడ్డను వెంటనే డాక్టరుకు చూపాలి. ఆరువారాల పరీక్ష అప్పటికి కాకపోతే ఆనాడే చేయించాలి. పెంటావాలెంట్ వేసిన రోజున ఒళ్ళు వెచ్చబడడం, తొడ కాస్త వాచడం మామూలే. దానికి భయపడి తరువాతి మోతాదు ఎగవేయవద్దు. వ్యాధి సోకిందని తేలి మందులు మొదలుపెట్టిన బిడ్డకు, అంతకుముందు వేసిన టీకాల ఫలితం నిలవకపోవచ్చు. అటువంటివారికి తట్టు టీకా మళ్ళీ వేయవలసిన అవసరం వస్తుందేమో డాక్టరును అడగాలి.

అదృష్టవశాత్తూ తేదీలు ఒకదానితో ఒకటి కలిసివచ్చినవి. ఆరువారాలకు మొదటి పెంటావాలెంట్ సూది వేయించడానికి వెళ్ళిననాడే మడమ రక్తపు పరీక్ష అయిపోతుంది. ఆ తరువాత 6వ నెలలో ఒకటి, 12వ నెలలో ఒకటి పరీక్ష. ఆఖరిది 18వ నెలలో. అప్పటికి తల్లి ప్రతిరక్షకాలన్నీ కరిగిపోయి, రక్తంలో ఉన్నది బిడ్డదేనని ధైర్యంగా చెప్పవచ్చు. తట్టు రెండవ మోతాదు, కంఠసర్పి-కోరింతదగ్గు-ధనుర్వాతాల బూస్టరు వేసేది కూడా 16 - 24 నెలల మధ్యనే. మాతాశిశు సంరక్షణ కార్డు పట్టుకొని ఒక్కసారి వెళితే రెండు పనులూ అవుతవి. వెళ్ళేటప్పుడు కార్డు మరిచిపోకండి. ఏ సూది ఎప్పుడు పడిందో జ్ఞాపకంమీద చెప్పగలిగిన తల్లిని నేనింతవరకూ చూడలేదు, తండ్రుల సంగతి సరేసరి.